తౌనో కత్తులు, హెల్వి ఒరలు

తౌనో చివరిసారిగా చేసిన పని ఆవిరిస్నానపు సౌనా గదిలో వేడి రాళ్ల మీద నీళ్లు చల్లే గరిటెకు పిడి మార్చడం. నవంబరులో ఒక శనివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. పాత పిడి మొదట్లో చీలి, పట్టుకున్న ప్రతివాళ్ల బొటనవేలినీ గిచ్చుతోంది. బర్చ్ చెట్టు కొమ్మ ఒకటి చెక్కి, బిగించి, గాలిలో రెండుసార్లు ఊపి చూసి, "ఇక ఎవరూ తిట్టుకోరు" అని గోడవారగా ఆనించాడు. కొమ్మ మీద కత్తి గాట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. హెల్వి చూసింది. తర్వాత తీసి నునుపు చేయాలని అనుకోలేదు. అప్పటికి ఆమె భర్త పనిని సరిచేయడం మానేసి ఐదు నెలలైంది. కాఫీ కాచి పిలవడానికి వచ్చేసరికి అతను బెంచీ మీద అలాగే కూర్చుని ఉన్నాడు. పలకలేదు.

సరిచేయడం అన్న ఆ మాట దగ్గరే మొదలుపెట్టాలి.

తౌనోది కమ్మరి ఇల్లు కాదు. ముప్పై ఏళ్లు లప్పయార్వి సరస్సు చుట్టూ ఉన్న పల్లెల్లో పాల వ్యాను నడిపాడు. కత్తులు చేయడం మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. సాయంత్రాలూ ఆదివారాలూ దానికే. ఎవరైనా కత్తి కావాలని వస్తే ముందు చెయ్యి చాపమనేవాడు. అరచేతి చుట్టూ నూలు దారం చుట్టి, వేళ్ల కణుపుల దగ్గర ముడులు వేసి, ఆ దారాన్ని మేకుకు తగిలించేవాడు. జూన్‌లో ఒలిచిన బర్చ్ బెరడును చదరపు ముక్కలుగా కోసి, ఒక్కొక్కటే కత్తి తోకకు, అంటే పిడిలోకి దూరే సన్నటి కొసకు గుచ్చి, నొక్కి బిగించి, ఆ ముడుల కొలతకు పిడి చెక్కేవాడు. రెండు మూడు నెలలు పట్టేది. కత్తి పుచ్చుకున్న మనిషి ఒక నాణెం చేతిలో పెట్టాలి. ఉత్తినే పుచ్చుకుంటే స్నేహం తెగుతుందని అక్కడివాళ్ల పట్టింపు. అంతకుమించి అతను ఎవరి దగ్గరా తీసుకోలేదు. తన కత్తిని అమ్మడమన్నది అతని జీవితంలో జరగలేదు.

ఒరలు హెల్వివి. పెళ్లైన ఏడాదే అత్తగారి తోలు కుట్టే సూదులు ఆమె చేతికొచ్చాయి. తోలును నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక కత్తి చుట్టూ లాగి పట్టి, వెనకవైపు కుట్టాలి. ఆరేకొద్దీ తోలు బిగుసుకుని ఆ కత్తి ఆకారమే తెచ్చుకుంటుంది. ఒకటే జాగ్రత్త. అలుగుకు, అంటే కత్తి రేకుకు, ముందుగా కొవ్వు రాసి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. లేకపోతే తోలును పదును చేసిన చెట్టుబెరడు పసరు ఉక్కును తినేస్తుంది. ఒక్క పూటలో నల్లమచ్చలు, మూడు రోజుల్లో గుంటలు. ఇది ఒరలు కుట్టేవాళ్లు మొదటి వారంలో నేర్చుకునే సంగతి.

మూడు శీతాకాలాల కిందట అతని కుడిచేతికి వణుకు పట్టుకుంది. డాక్టరు దానికో పేరు చెప్పాడు, ఇంకా పెరుగుతుందని కూడా చెప్పాడు. తౌనో ఇంటికొచ్చి మేకుకున్న దారాలన్నీ తీసి పొయ్యిలో వేశాడు. ఇక ఎవరి చెయ్యీ కొలవనన్నాడు. కానీ కొలిమి ఆర్పలేదు. ఎవరూ అడగని కత్తులు చేయడం మొదలుపెట్టాడు.

వాటిలో మొదటిది ఒర కోసం హెల్వి ఒళ్లోకి వచ్చినప్పుడు ఆమె కిటికీ దగ్గరకు వెళ్లింది. అలుగు పిడిలో పక్కకు వాలి ఉంది. రెండూ కలిసే మెడ దగ్గర గోరు దూరేంత సందు. ఇలాంటిది ఒకప్పుడు అతని చేతిలో తయారైతే సుత్తితో విరగ్గొట్టి పారేసేవాడు.

"ఎలా ఉంది?" అన్నాడు తౌనో గుమ్మంలోంచి.

అతని కళ్లకు ఆ సందు కనపడలేదా, కనపడీ అడుగుతున్నాడా అని ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "బాగుంది" అంది.

మర్నాడు భోజనం తర్వాత అతను రేడియోలో వాతావరణం వింటూ నిద్రపోయాడు. ఆ గంటలో ఆమె కొలిమి గదిలోకి వెళ్లింది. బెరడు పొడిని జిగురులో కలిపి సందు పూడ్చింది, ఎముక ముక్కతో రుద్ది కలిపేసింది. తర్వాతి కత్తికి అలుగు రెండు వాలులూ సమంగా లేవు, సానపట్టే నీటిరాయి మీద పట్టి అరగదీసింది. నలభై ఏళ్లు పక్కన కూర్చుని చూసిన పని. చేతికి కొత్తేమో గానీ కంటికి కొత్త కాదు. అలా రెండు శీతాకాలాలు, రోజుకో గంట చొప్పున, ఎనిమిది కత్తులు. ప్రతిదాన్నీ అతను తీసుకుని, పట్టి చూసి, ఒర తర్వాత కుట్టొచ్చని సొరుగులో పెట్టేవాడు. ఒక్కోసారి కాస్త నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఆమె ఇంకెన్ని అబద్ధాలైనా ఆడేది.

ఫిబ్రవరిలో మౌరి ఆ సొరుగు తెరిచాడు. పక్క పొలం ఆసామి, తౌనోతో కలిసి బడికెళ్లినవాడు, మాటకు ముందూ వెనకా చూసుకోని మనిషి.

"ఒరే, ఇవన్నీ ఎవరికిరా? చచ్చాక పెట్టెలో పెట్టించుకుంటావా?"

"స్మశానంలో నీ స్థలం నా పక్కనే కదా. ఒకటి దగ్గరుంచుకుంటే మంచిది."

"ఎకసెక్కాలొద్దు. జూన్‌లో కౌహవలో కత్తుల ప్రదర్శన. ఒక బల్ల తీసుకో. జర్మనీ నుంచి కూడా దిగుతారు కొనేవాళ్లు."

"ముక్కూ మొహం తెలీనివాడి చెయ్యి నాకెలా తెలుస్తుందిరా? పిడి వాడికి సరిపోకపోతే?"

"డబ్బు పోసి కొన్నాక వాడి చెయ్యే సర్దుకుంటుంది. మా ఆవిడ నాతో సర్దుకోలేదూ?"

"పాపం, ఆవిడింకా ప్రయత్నంలోనే ఉంది" అంది హెల్వి, యాలకుల బన్నులు బల్ల మీద పెడుతూ. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఆమె సొరుగు మూసేసింది.

తౌనో మౌరి మాట కొట్టిపారేస్తాడనుకుంది. వారం తిరక్కుండానే చెప్పాడు: "ఫోన్ చేసి పేరిచ్చాను. ఇష్టం లేకపోతే జూన్ మొదటి వారంలోపు వద్దని చెప్పొచ్చట. నువ్వేమంటావు?"

"ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు? నీ కత్తి ఊళ్లో ప్రతి నడుముకీ ఉంది."

"ఊళ్లోవాళ్లు ఒరలోంచి తీయకుండానే బాగుందంటారు హెల్వీ. అక్కడ తీసి చూస్తారు."

ఆమె భయమూ సరిగ్గా అదే. అక్కడ ఆర్వో అని ఒక ముసలి కమ్మరి ఉంటాడు. ప్రతి బల్ల దగ్గరా ఆగి, ప్రతి అలుగునూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాడు. మొహమాటం లేని మనిషి. పదిమంది ముందు అనేస్తాడు.

మార్చి, ఏప్రిల్ అంతా అదే నలిగింది. ఒక పొద్దున తౌనో వెళ్దామనేవాడు. మర్నాడు రై ధాన్యపు రొట్టె మీద వెన్న రాస్తూ, చేతిలోంచి చాకు జారిపడితే, "ఎందుకులే" అనేవాడు. సాయంత్రానికి మళ్లీ సొరుగు ముందు నిలబడేవాడు. "వీటికి మనిషి లేడు. అదే బాగాలేదు. ఎవడో ఒకడు చేప కోసుకోవాలి వీటితో" అనేవాడు. ప్రతిసారీ చివరికి ఆమె వైపు చూసేవాడు. "నువ్వేమంటావు?" ప్రతిసారీ ఆమె, "నీ ఇష్టం" అనేది.

మే నెల చివర, ఒరల కోసం ఎనిమిది కత్తులనూ మొదటిసారి ఒకేచోట, కిటికీ కింద బల్ల మీద వరసగా పరిచింది. అప్పుడు కనపడింది. హెల్విది ఎడంచేతి వాటం. నీటిరాయి మీద తౌనో అరగదీసిన సన్నటి గీతలు మొన వైపు కుడికి వాలతాయి. ఆమెవి ఎడమకు. ఒకే అలుగు మీద కొంతమేర ఒకలా, కొంతమేర ఒకలా, గాలి తిరిగిన గడ్డిలాగా. ఒక్క కత్తిని చూస్తే ఎవరూ పట్టుకోలేరు. ఎనిమిది పక్కపక్కన పెడితే చిన్నపిల్లలైనా అడుగుతారు, ఇది ఇద్దరి పని కదా అని. ఆర్వో మొదటి చూపులోనే అడుగుతాడు. తౌనో అక్కడే బల్ల వెనక నిలబడి ఉంటాడు.

కుడిచేత్తో మళ్లీ అరగదీయబోయింది. మూడు మధ్యాహ్నాలు అదే పని. గీతలు మరింత చెడ్డాయి, బొటనవేలు తెగింది. రొట్టె కోస్తుంటే తెగిందని చెప్పింది. కుడిచేత్తో రొట్టె పట్టుకుని ఎడంచేత్తో కోసే మనిషికి కుడి బొటనవేలు తెగడం సహజమే. అతను కట్టు కట్టాడు. ముడి పడటానికి నాలుగుసార్లు పట్టింది.

ఆ పూట చెప్పేద్దామనుకుంది. "తౌనో, నీతో ఒక మాట."

"చెప్పు."

అతను కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా సాసరు గలగలమంటోంది. ఆ చప్పుడు వినపడనట్టు ఇద్దరూ కిటికీలోంచి చూశారు.

"చక్కెర అయిపోయింది" అంది.

జూన్ మొదటి మంగళవారం ఆమె ఎనిమిది తోళ్లను నానబెట్టింది. కొవ్వు డబ్బా, ప్లాస్టిక్ కాగితం చుట్ట ఎప్పటి చోటే, మోచేతి దూరంలో ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. తడి తోలును ఒట్టి ఉక్కు మీద లాగింది, కుట్టింది. మొదటి కత్తికి చేతులు వణికాయి, ఇప్పుడు మనిద్దరికీ ఒకటే జబ్బు అనుకుంది. నాలుగోదానికి ఏడుపొచ్చింది. ఎనిమిదోదానికి ఏమీ రాలేదు. కుట్లు మాత్రం ఎప్పటిలాగే తిన్నగా పడ్డాయి. వాటిని పాకలో దండేనికి వరసగా వేలాడదీసి, తలుపు వేసి, వచ్చి బంగాళాదుంపలు తరిగింది.

శుక్రవారం తౌనో పాకలోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. ఆమె వెళ్లేసరికి ఎనిమిదీ ఒరల్లోంచి తీసి ఉన్నాయి. అలుగుల మీద నల్లటి గుంటలు, మశూచి పోసినట్టు.

"కాగితం చుట్టలేదా?"

"మర్చిపోయాను."

"ఎనిమిదింటికీనా?"

"ఎనిమిదింటికీ."

అతను ఒకదాన్ని బొటనవేలితో తుడిచాడు. పోలేదు. పోదని ఇద్దరికీ తెలుసు. మళ్లీ లోతుగా అరగదీయాలి, దానికి తిన్నగా నిలిచే చెయ్యి కావాలి. అరుస్తాడని ఆమె ఎదురుచూసింది. అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే ఆమె కూడా అరిచి, ఆ అరుపులో మొత్తం చెప్పేసేది. అతను ఆమె కట్టు కట్టిన బొటనవేలి వైపు చూశాడు, కత్తులను ఒక్కొక్కటే మళ్లీ ఒరల్లో పెట్టాడు.

"అయితే ఇక వెళ్లక్కర్లేదు నీకు" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి ఫోన్ తీశాడు.

'నీకు' అన్న ఆ మాట ఆమెకు ఆ రోజు పట్టలేదు. ప్రాణం నిమ్మళించిన మనిషికి మాటలు సరిగ్గా వినపడవు.

మౌరి మాత్రం ఊరుకోలేదు. "నలభై ఏళ్లుగా ఒరలు కుడుతున్న మనిషి కాగితం చుట్టడం మర్చిపోయిందా? మా దూడ మేత మర్చిపోతే నమ్ముతాను గానీ ఇది నమ్మను."

"నోర్మూసుకుని కాఫీ తాగరా" అన్నాడు తౌనో. మౌరిని అతను అంత కఠినంగా కసరడం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత కొలిమి వెలగలేదు. మధ్యాహ్నం నిద్ర కూడా మానేశాడు. రేడియో కట్టేసి కిటికీ దగ్గర కూర్చునేవాడు. నిజం తెలియకుండా కాపాడానని హెల్వి తనకు తాను చెప్పుకునేది, గిన్నెలు తోముతూ, వాకిలి ఊడుస్తూ. వేసవి పోయింది, శరత్తు పోయింది. రోజురోజుకీ అతను తక్కువ మాట్లాడాడు, ఆమె కూడా. నవంబరులో ఆ శనివారం వచ్చింది.

మరుసటి జూన్‌లో ప్రదర్శన ముగిశాక ఒకామె కారులో వచ్చింది. మిర్వ అని, బల్లలు కేటాయించే పని ఆమెదేనట. తౌనో పోయిన సంగతి అప్పుడే తెలిసిందని, క్షమించమని అంది. కాఫీ తాగాక సంచిలోంచి ఒక అట్ట ముక్క తీసింది. బల్ల ముందు నిలబెట్టే పేరుపలక. నల్ల అక్షరాల్లో రెండు పేర్లున్నాయి. హెల్వి, తౌనో.

"నిరుడు రాయించింది. పారేయబుద్ధి కాలేదండీ. మీ దగ్గరుంటే బాగుంటుందని."

"నా పేరెందుకు రాశారు?"

"ఆయనే రాయమన్నారు. ఫిబ్రవరిలో, మొదటిసారి ఫోన్ చేసినప్పుడే. ఒరలు కుట్టేవాళ్ల పేర్లు మేం పలక మీద వేయమండీ, కత్తి చేసినవాళ్లవే వేస్తాం అని చెప్పాను కూడా." మిర్వ కాస్త ఆగింది. "'నేను ఒరల గురించి చెప్పడం లేదమ్మా, కత్తుల గురించే' అన్నారు."