ఓడలో ఏడింటికి, మోవాలో ఏడింటికి

ఆ రోజుల్లో టైమనేది లోకానికంతటికీ ఒక్కటే అనుకునేవాణ్ణి. భూమి గుండ్రంగా ఉంటుందనీ, ఒకచోట పగలైతే ఇంకోచోట రాత్రనీ బళ్ళో చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ చదవడం వేరు, నమ్మడం వేరు. నేను నమ్మింది రాయ్‌పూర్‌లో, మోవాలో, మా ఇంటి గోడ గడియారాన్ని. నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా. ఆ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే ఇంటి పరువు పోయినట్టు బాధపడేవారు. ఆదివారం గుడికి బయల్దేరే ముందు (మాది నరసాపురం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, మేం గుడి అంటే చర్చి) స్టూలెక్కి దానికి తాళం తిప్పడం ఆయనకు ఆరాధనలో మొదటి భాగం. పక్కింటి ఆంటీ మా కిటికీలోంచి ఆ గడియారం చూసుకునే, నీళ్ళొదిలే వేళకి నల్లా దగ్గరికి బిందె పట్టుకెళ్ళేది.

తొంభైల మొదట్లో, ఇరవై మూడేళ్ళ వయసులో నాకు ఓడలో ఉద్యోగం వచ్చింది. పండరీ బట్టల మార్కెట్లో తానులు మడతపెట్టే పనిలో ఉండేవాణ్ణి. మా సంఘంలో ఒకాయన బంధువు బొంబాయిలో ఉండి, నెలల తరబడి సముద్రాల మీద తిరిగే విహార ఓడలో లాండ్రీకి మడతలు తెలిసినవాడు కావాలన్నాడు. లాండ్రీ అన్న ముక్క మా వీధి చివరికి చేరేలోపే ఎక్కడో జారిపోయింది, నేను జహాజ్‌లో ఆఫీసర్నయిపోయాను. పక్కింటి ఆంటీ, సముద్రం తెలీబంధా చెరువు కంటే పెద్దదా అని అడిగింది. నేను అప్పటికి చూసిన పెద్ద నీళ్ళు కూడా అవే కాబట్టి, కొంచెం పెద్దదే ఉంటుందని జాగ్రత్తగా చెప్పాను. 

అమ్మ మాత్రం సముద్రం గురించి ఏమీ అడగలేదు. మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన. ముగ్గురం చాప మీద మోకరించేవాళ్ళం. ఇకమీదట ఇద్దరే అన్న మాట ఆవిడ నోట రాలేదు గానీ, స్టేషన్లో బండి కదలబోతుంటే కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఎక్కడున్నా సరే ఏడింటికి మోకాళ్ళ మీదకి వచ్చెయ్. ఇక్కడ మేమూ వస్తాం. ముగ్గురం కలిసే ఉన్నట్టు. దేవుడి దగ్గరికి టికెట్టు అక్కర్లేదు కదా." 

నేను మాటిచ్చాను. జీవితంలో నేను ఇచ్చిన మాటలన్నిటిలో ఇది చాలా తేలికైనదనుకున్నాను.

ఓడ బొంబాయి వదిలిన మొదటి రోజే మైకులో చెప్పారు, గడియారాలు అరగంట వెనక్కి తిప్పుకోండని. తర్వాత రెండు మూడు రోజులకోసారి గంట. పడమటికి పోయినకొద్దీ ఇలా అదనంగా గంటలు ఇస్తూనే ఉంటారట. పైనున్న ప్రయాణికులు ఇంకో గంట నిద్ర దొరికిందని చప్పట్లు కొట్టేవారట. (కొట్టేవారట అనడమెందుకంటే నేను చూడలేదు. మా లాండ్రీ ఓడ అడుగున ఉండేది, కిటికీ లేదు. ప్రయాణికుల్ని మేం ముఖాలతో కాదు, మరకలతో గుర్తుపట్టేవాళ్ళం. టమాటా సాస్ దొరగారు, లిప్‌స్టిక్ దొరసాని, రోజూ దుప్పటి మీద కాఫీ ఒలకబోసుకునే ముసలాయన. ఆయన మరక ఒకసారి రెండు రోజులు రాకపోతే, ఒంట్లో బాగుందో లేదో అని బెంగపడ్డాం కూడా.) పొద్దున్న దుప్పట్లు, మధ్యాహ్నం తువ్వాళ్ళు, సాయంత్రం బల్లగుడ్డలు. సముద్రం ఎలా ఉంటుందో చూడాలంటే తీరిక వేళ నాలుగంతస్తుల మెట్లెక్కాలి. ఎక్కాక నీళ్ళు, నీళ్ళు, మళ్ళీ నీళ్ళు. ఆంటీకి ఏం చెప్పాలో అప్పటికీ తెలియలేదు.

అందరూ గడియారాలు తిప్పుకున్నారు. నేను తిప్పలేదు. నాకున్నది ఒక్క చేతి గడియారం, నాన్న కొనిచ్చింది. దాన్ని తిప్పేస్తే మోవాలో ఎప్పుడు ఏడయిందో నాకెవరు చెబుతారు? అందుకని దాన్ని రాయ్‌పూర్ టైములోనే ఉంచి, ఓడ టైము మనసులో లెక్కేసుకునేవాణ్ణి. పదో తరగతి లెక్కల్లో నన్ను గట్టెక్కించింది పక్కవాడి జవాబు పత్రమని ఇక్కడ ఒప్పుకోక తప్పదు. ఒక గంట ఎక్కువ తీసేసి, రెండుసార్లు పనికి గంట ఆలస్యంగా వెళ్ళాను. మా లాండ్రీ మాస్టరు గోవా నుంచి వచ్చిన పెద్దమనిషి, ఇరవై ఏళ్ళుగా ఓడల్లోనే ఉన్నాడు. రెండుసార్లూ కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాడు. మూడోది పడితే తర్వాతి రేవులో దింపి ఇంటికి పంపేస్తారు. ఆఫీసరుగా వెళ్ళినవాణ్ణి మూడో నెలలో మోవాలో దిగితే నాన్న ఆఫీసులో తలెత్తుకోగలరా?

ఇంతలో ఓడ అట్లాంటిక్ దాటుతోంది. మొత్తం మీద ఎనిమిదిన్నర గంటలు వెనక్కి పోయాం. మా ఇంట్లో సాయంత్రం ఏడయితే ఓడలో పొద్దున్న పదిన్నర, సరిగ్గా దుప్పట్లు ఇస్త్రీ యంత్రంలోకి వెళ్ళే వేళ. ఆ యంత్రానికి అటొకడు ఇటొకడు ఉండాలి. నేను ఐదు నిమిషాలని చెప్పి మాసిన బట్టల గుట్ట వెనక్కి పోయి మోకరించేవాణ్ణి. ఒకరోజు అమ్మ గురించి కొంచెం ఎక్కువసేపు ప్రార్థించినట్టున్నాను. ఇవతల పట్టుకునే దిక్కులేక వేడి దుప్పట్లు కింద కుప్పపడ్డాయి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మాస్టరు బూట్లు. కళ్ళు తిరిగి పడ్డానేమోనని ముందు కంగారు పడ్డాడు, తర్వాత నిద్రపోతున్నానని కోప్పడ్డాడు. నేను లేచి, ఏడుపు గొంతుతో అంతా చెప్పేశాను. 

ఆయన విని, నా మణికట్టు తిప్పి గడియారం చూశాడు.

"మాఁ సాత్ బజే బోలీ, ఠీక్ హై," అన్నాడు. అమ్మ ఏడింటికి చెప్పింది, సరే. "లేకిన్ కిస్కా సాత్?" ఎవరి ఏడింటికి?

అదేం ప్రశ్న, అమ్మ ఏడే కదా అన్నాను. ఆయన మూడో కాగితం రాయలేదు. నా టీ విరామాన్ని పదిన్నరకి మార్చి, ఆ టీ నిలబడి తాగుతానో మోకాళ్ళ మీద తాగుతానో తనకి అనవసరమన్నాడు. ఓడ టైము మారినప్పుడల్లా నా టీ కూడా దాంతోపాటు జరిగేది. ఆ ప్రయాణం అయ్యేదాకా నేను టీ తాగలేదు.

ఉత్తరాల్లో మాత్రం దుప్పట్ల సంగతి రాయలేదు. ఈ వారం గడియారం ఇన్ని గంటలు తిప్పారని, రోజూ ఏడింటికి తప్పకుండా మోకరిస్తున్నానని రాసేవాణ్ణి. ఎవరి ఏడో రాయాలని నాకు తోచలేదు. 

తొమ్మిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఇల్లు చేరాను. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, ఆ తర్వాత సన్నబడ్డానంది, ఆ తర్వాత అన్నం పెట్టింది. తింటూ తలెత్తి చూస్తే గోడ గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. ఆగిపోయిందేమో అనుకున్నాను, కానీ లోలకం ఊగుతోంది. నాన్న ఉండగా ఈ ఘోరమేమిటని ఎడమచేత్తో స్టూలు లాగాను.

"దాన్ని ముట్టుకోకురా," అన్నారు నాన్న. "అది ఓడ టైము."

నేను ఉత్తరంలో గంట అని రాసినప్పుడల్లా నాన్న స్టూలెక్కి గంట వెనక్కి తిప్పారట. నా ఉత్తరం చేరడానికి మూడు వారాలు పట్టేది, కాబట్టి మా గోడ మీద ఓడ ఎప్పుడూ మూడు వారాల వెనకే ప్రయాణించింది. ఒక ఉత్తరం దారిలో పోయింది, ఆ గంట మోవాకి చేరనే లేదు. నాన్న తన చేతి గడియారంతో ఆఫీసుకి వెళ్ళొచ్చేవారు గానీ, పక్కింటి ఆంటీకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు ఖాళీ బిందెలతో తిరిగొచ్చి, "క్యా బహన్‌జీ, ఘడీ భీ జహాజ్ పే చఢ్ గయీ క్యా" అని అడిగిందట, గడియారం కూడా ఓడెక్కిందా అని. 

అంతవరకూ నవ్వుతూనే విన్నాను. తర్వాత లెక్క వేశాను. నేను అట్లాంటిక్ మీద ఉన్నప్పుడు ఓడలో సాయంత్రం ఏడంటే మోవాలో తెల్లవారుజాము మూడున్నర. ఆ వేళకి లేచి, చలికి శాలువా కప్పుకుని, కునికే నాన్నని మోచేత్తో పొడుస్తూ అమ్మ చాప మీద మోకరించేది. అక్కడ మా అబ్బాయి కూడా ఇప్పుడే మోకరించి ఉంటాడని. నేనేమో అప్పుడు బల్లగుడ్డలు మడతపెడుతున్నాను. నా మొదటి ఉత్తరం మోవా చేరిన నాటినుంచి నేను తిరిగి బొంబాయి చేరేదాకా మేం ఒక్కరోజు కూడా కలిసి ప్రార్థించలేదు.

చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఎవరి ఏడని మాస్టరు అడిగిన ప్రశ్న వదల్లేదు, చెప్పేశాను. నాన్న ముఖం, బండి తప్పిపోయినవాడి ముఖంలా అయింది. అమ్మ మాత్రం నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"పోన్లే నాన్నా. నువ్వు నా ఏడు పట్టుకున్నావు, నేను నీ ఏడు పట్టుకున్నాను. ఒక్కసారి వినాల్సింది దేవుడు రోజూ రెండుసార్లు విన్నాడు. నష్టమేముంది?"

ఆ మధ్యాహ్నం నాన్న స్టూలెక్కి గడియారాన్ని ఓడలోంచి దింపారు. సాయంత్రం ముగ్గురం చాప మీద మోకరించాం. మా అందరికీ మళ్ళీ ఒకే టైము దయచేసినందుకు స్తోత్రమని నాన్న మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చి ఒక కన్ను తెరిచి మణికట్టు చూసుకున్నాను, ఏడూ నాలుగు. పక్కకి తిరిగితే అమ్మ కూడా కళ్ళు తెరిచే ఉంది. ఆవిడ గడియారాన్ని చూడట్లేదు, నన్ను చూస్తోంది. 

ఇప్పుడు నా వయసు అప్పటి నాన్న వయసు దాటింది. ఆ గోడ గడియారం నా గదిలోకొచ్చింది, ఆదివారం తాళం నేనే తిప్పుతాను. పొద్దున్న పదిన్నరకి ఎవరైనా టీ ఇస్తే, పుచ్చుకునే ముందు ఒక్క క్షణం ఆగుతాను. లెక్కలు రాని ఆ కుర్రాడు బట్టల గుట్ట వెనక ఒంటరిగా, తల్లి పక్కనే ఉందన్న గట్టి నమ్మకంతో మోకరించి కనిపిస్తాడు. టైము తప్పురా నాయనా, అని వాడికి ఒక్కనాడూ చెప్పబుద్ధి కాలేదు.