మూసాపేట చిరునామాకు చేరిన నిద్ర

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా ఆవిడ సుజాత కొత్తవాళ్లకు ముందే చెబుతుంది. మీరూ అలాగే వినండి. దయ్యాలను, మహిమలను మాత్రం ఆ మిగిలిన సగంలో కూడా నేనెప్పుడూ నమ్మలేదు.

తెల్లాపూర్‌లో ఇరవై ఏడో అంతస్తులో ఫ్లాటు కొన్నాం. పట్టుబట్టింది నేనే. మబ్బులు మా వంటింట్లోంచి అడ్డంగా వెళ్తుంటాయి, వాటికి కాఫీ ఇవ్వడమొక్కటే తక్కువ. అక్కడికి మారిన రోజు నుంచి సుజాతకు నిద్ర లేదు. మాత్రలు, గసగసాల పాలు, ధ్యానం, అన్నీ అయ్యాయి. పదకొండో నెలలో బడిలో పాఠం చెబుతూ బోర్డు ముందే కళ్లు తిరిగి పడిపోయింది. ఇలాగైతే ఉద్యోగం మానేయాల్సిందేనన్నారు డాక్టరు. ఇందులో సగం తీసేయకండి.

అప్పుడే హైటెక్ సిటీలోని మా ఆఫీసు టీమునంతా వియత్నాం తీసుకెళ్లింది. నేను రానన్నాను.

"వెళ్లండి బాబూ, మీ గురకైనా తప్పుతుంది" అని సుజాతే తోసింది.

హనోయ్‌లో సరస్సు ఒడ్డున ఓ పాత బౌద్ధాలయం. పదిహేను వందల ఏళ్ల నాటిదంది మా గైడు లాన్ అనే పెద్దావిడ. ఆఫీసులో నేను మూడు వేలని చెప్పాను. గోపురం పదకొండు అంతస్తులంది. నా మెడనొప్పి లెక్కన ముప్పై. గడప తొక్కకూడదు, దాటాలి.

లాన్ నా చేతికి మూడు ఊదుబత్తులిచ్చింది. సరి సంఖ్య పనికిరాదట. నుదుటికెత్తి మూడుసార్లు వంగి, పేరు, వయసు, ఇంటి చిరునామా చెప్పి అప్పుడు కోరిక కోరుకోవాలట.

"చిరునామా ఎందుకండీ?" అన్నాను ఇంగ్లిషులో.

"మరి ఎక్కడికి రావాలో తెలియొద్దా?" అందావిడ.

బిర్యానీ తెచ్చే కుర్రాళ్లకు చెప్పినట్టే గుర్తులతో సహా చెప్పాను. మూసాపేట, మెట్రో స్టేషను వెనక గల్లీ, దర్జీ కొట్టు మీద రెండో అంతస్తు, నీలం తలుపు. సుజాతకు నిద్ర కావాలి.

చెప్పాక నాలుక కరుచుకున్నాను. అది మేం పద్నాలుగేళ్లు కిరాయికున్న ఇల్లు. అలవాటు కొద్దీ నోరు జారింది. అప్పటికే ఊదుబత్తులు కుండీలో గుచ్చేశాను. గడియారం పదకొండు చూపిస్తోంది. అది బుధవారం.

తిరిగొచ్చిన మర్నాడు ఆ ఇంటి యజమానురాలు యాదమ్మ ఫోను చేసింది.

"ఏంది సారూ, చెప్పకుంట వచ్చి పోయిన్రా? బుధవారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు మీరున్న అర్రల ఊదుబత్తి వాసన గుప్పున కొట్టింది. ఇంక కిరాయికి గూడ ఇయ్యలే, తాళమున్నది. తీసి చూస్తే ఎవ్వరు లేరు. ఊడుద్దామని చీపురు పట్టిన, గోడకు ఒరిగి గట్లనే నిద్రవోయిన. మా కోడలు వచ్చి లేపింది!"

హనోయ్‌లో పదకొండంటే మనకు తొమ్మిదిన్నర. వేళ్ల మీద నాలుగుసార్లు లెక్కపెట్టాను.

ఆదివారం ఏమీ చెప్పకుండా సుజాతను అక్కడికి తీసుకెళ్లాను. మా క్యాలెండరు మేకు గోడకు అలాగే ఉంది. కింద కుట్టుమిషన్లు గరగరమంటున్నాయి. మెట్రో రైలు వెళ్లినప్పుడల్లా కిటికీ రెక్క పాతరోజుల్లోలాగే టకటకలాడుతోంది. చాప మీద కూర్చుని యాదమ్మతో కోడలి సంగతులు మాట్లాడుతున్న సుజాత మాట మధ్యలో పక్కకు ఒరిగింది. మధ్యాహ్నం పన్నెండింటికి పడుకున్న మనిషి సాయంత్రం ఆరింటికి లేచింది.

దగ్గరికెళ్లి చూడబోతే, "జర దూరముండు సారూ, నీ ఊపిరికే లేస్తది" అని యాదమ్మ కసిరింది.

తెల్లాపూర్ వెళ్లగానే మళ్లీ అదే జాగారం. అందుకే ఆ వాటా మళ్లీ కిరాయికి తీసుకున్నాం. సుజాత ఇప్పుడు రోజూ బడికి వెళ్తోంది. చప్పుడు అలవాటై నిద్ర పట్టిందని మీరనొచ్చు, నేనూ అనుకున్నాను. మరి తాళం వేసిన గదిలో ఊదుబత్తి వాసన?

ఇక మొదట్లో చెప్పినట్టు తీసేయాల్సినవి. మబ్బులు, మూడు వేలు, ముప్పై అంతస్తులు మీరే తీసేసి ఉంటారు. నేను నిజంగా కల్పించింది వేరే ఉంది. నోరు జారిందన్నానే, అది. ఆ రోజు తెల్లాపూర్ చిరునామా బ్లాకు నంబరుతో సహా నాకు గుర్తుంది. పట్టుబట్టి కొన్నవాణ్ణి కదా, సుజాత ముందు ఒప్పుకోలేక పొరపాటన్నాను.

గుళ్లో మీ ఇల్లెక్కడని అడిగారు. నేను నిజమే చెప్పాను.