తూరిడ్ అడిగిన దారి

మా అక్క తూరిడ్ తర్వాతి రోజుల్లో నార్వే తరఫున స్కీయింగ్‌లో ఎన్ని పతకాలు తెచ్చినా, మా లోయలో ఇప్పటికీ ఆ ఆదివారం గురించే మాట్లాడుకుంటారు.

ఆడవాళ్లకు పది కిలోమీటర్ల పందెం చాలని, అంతకు మించితే గర్భసంచి జారుతుందని మా క్లబ్బు పెద్ద హాల్వార్ తేల్చేశాడు. పాలక్యాను వీపున కట్టుకుని రోజూ స్కీల మీద డెయిరీకి పోయొస్తే జారని గర్భసంచి, పందెంలోనే ఎందుకు జారుతుందో మాత్రం చెప్పలేదు.

ఆ ఆదివారం, ఒకరి తర్వాత ఒకరుగా బయల్దేరే ముప్పై కిలోమీటర్ల మగవాళ్ల పందెంలో ఆఖరివాడు కూడా బయల్దేరాక, అక్క నంబరు లేకుండానే వెనకాల బయల్దేరింది.

మా దగ్గర ఒక పద్ధతుంది. వెనక వచ్చేవాళ్లు "దారి!" అని అరిస్తే, ముందున్నవాళ్లు ఎంతటివాళ్లైనా స్కీల గాడి వదిలి పక్కనున్న మెత్తటి మంచులోకి దిగాల్సిందే. అక్క అలా ఒక్కొక్కరినీ దింపుకుంటూ వచ్చి, ఆఖరి గుట్ట దగ్గర, ఆ పందెంలో పోటీపడుతున్న హాల్వార్‌నే అందుకుంది.

"దారి!"

ఆయన వినపడనట్టే పోతున్నాడు.

అక్కడ అందరికీ వేడి బెర్రీరసం పోస్తున్న మా అమ్మ గరిటె ఎత్తి అరిచింది. "ఏమయ్యా హాల్వార్, చెవులు ఇంట్లో పెట్టొచ్చావా? దిగు!"

గట్టు మీది ఆడవాళ్లంతా అందుకున్నారు. "దిగు! దిగు!"

ఆయన మోకాలిలోతు మంచులోకి దిగాడు.

పందెం ముగిసిన చోట రొప్పుతూ వచ్చి, "నీకు నంబరే లేదు. నిన్ను లెక్కలోకి తీసుకోం," అన్నాడు.

అక్క స్కీలు విప్పుకుంటూ తలైనా ఎత్తలేదు.

"నన్నెందుకు లెక్కపెట్టడం బాబాయ్? మంచులోకి దిగినోళ్లని లెక్కపెట్టుకో. నీతోనే మొదలుపెట్టు."