ఆచారి ఊదలేదు

2019 వేసవి. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో ఉన్న డేటా సెంటర్‌కు నేను నెట్‌వర్క్ ఇంజనీరును. డేటా సెంటర్ అన్నది కాస్త పెద్ద మాట. ఆరు ర్యాకులు, రెండు ఏసీలు, ఒక తాళం. ఆసుపత్రిలో అందరూ దాన్ని చల్లగది అనేవాళ్లు. ఎండలు మండే మధ్యాహ్నాల్లో వార్డు సిబ్బంది ఏదో ఒక పని కల్పించుకుని వచ్చి, నాతో రెండు మాటలు మాట్లాడి, చెమట ఆరాక వెళ్లిపోయేవాళ్లు.

జమ్మలమడుగులో, పులివెందులలో ఆ ఆసుపత్రికి చిన్న శాఖలు ఉండేవి. అక్కడ తీసిన సీటీ స్కాన్లన్నీ మా సర్వర్లకే వచ్చేవి. వాటిని చూసి రిపోర్టు ఇచ్చే డాక్టరమ్మ మాత్రం ప్రొద్దుటూరులో ఒక్కరే. స్కాన్లు ఎక్కువయ్యేకొద్దీ పాత స్విచ్‌లు మొరాయించసాగాయి. స్విచ్ అంటే సర్వర్ల మధ్య నిలబడి, ఏ సమాచారం ఎటు పోవాలో చూసి పంపించే పెట్టె. ఆ మార్చిలో పాతవి తీసేసి, వంద గిగాబిట్ల వేగంతో నడిచే ఈథర్నెట్ స్విచ్‌లు రెండు పెట్టాం. వాటి సెట్టింగులన్నీ నేనే రాశాను. రెండింటినీ కలిపే ఫైబర్ కేబుల్ మాత్రం బ్రహ్మయ్య ఆచారి వేశాడు.

ఆచారికి అప్పటికే యాభై దాటాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు నగలు చేసిచ్చే ఇంట్లో పుట్టిన మనిషి. మిషన్ నగలు వచ్చి చేతిపని పడిపోయాక, కేబుల్ టీవీ వాళ్ల దగ్గర ఫైబర్ పని నేర్చుకుని, మా కాంట్రాక్టరు దగ్గర చేరాడు. వెంట్రుకంత గాజుపోగును అతికేటప్పుడు కూడా ఆయన చెయ్యి వణికేది కాదు. "దీంట్లో ఏముండాదప్పా, ముక్కుపుడకలో రాయి పొదిగేదాని కంటే సులువే" అనేవాడు. నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ని.

ఆయనకు ఒకే ఒక్క చెడ్డ అలవాటు. చేతికి ఏది వచ్చినా ముందు ఉఫ్‌మని ఊదేవాడు. కంసాలి కదా, చిన్నప్పటి నుంచీ ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని మంటను బంగారం మీదికి ఊదిన మనిషి. ఫైబర్ పనిలో అది పెద్ద తప్పు. కేబుల్ మొన మీద నోటి తేమ పడి ఆరితే మచ్చవుతుంది, ఆ మచ్చ సమాచారాన్ని మోసుకుపోయే వెలుతురుకు అడ్డం పడుతుంది. తుడవడానికి వేరే క్లీనర్ ఉంటుంది. మొదటి రోజే నేను పదిమందిలో ఎగతాళి చేశాను. "మామా, ఇది బంగారం గాదు, నీ ఊపిరి దీనికి పడదు" అన్నాను. ఆయన కూడా నవ్వి, "సరేప్పా, నోటికి తాళం ఏసుకుంటాలే" అన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ నుంచి ఫోన్.

"ఏంది సార్ ఇది? పులివెందుల స్కాన్ తెరిచి ఇరవై నిమిషాలాయె, ఇంకా తిరుగుతానే ఉండాది. పేషెంటుకు పక్షవాతం అనుకుంటాండాము, ఆమెను ఆడ బెంచీ మీద పండబెట్టుకోని కూచున్నారు!"

ఆ స్కాన్ చివరిదాకా తెరుచుకోలేదు. ఆమెను అంబులెన్సులో కడపకు పంపించారు. ఆమె కోలుకుందని వారం తర్వాత గానీ మాకు తెలియలేదు.

స్విచ్‌లోకి లాగిన్ అయి చూస్తే, రెండు స్విచ్‌లనూ కలిపే పోర్టు మీద సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతున్నాయి. పంపే ప్రతి సమాచారపు మూట చివరా స్విచ్ ఒక సరిచూసుకునే అంకె పెడుతుంది. అవతలి స్విచ్ మళ్లీ లెక్కవేసుకుంటుంది. అంకె కలవకపోతే మూట చెడిందని పారేస్తుంది. పారేసినదాన్ని మళ్లీ పంపాలి, అందుకే స్కాన్ ఆగిపోయింది. ఎందుకు చెడిందన్నది మాత్రం ఆ లెక్క చెప్పదు.

ఆసుపత్రి మేనేజరు నన్ను పిలిపించాడు. "కారణం నాకు అర్థం గాదు. ఎవరు చేసినారో రేపు పొద్దన్నకు పేరు కావల్ల" అన్నాడు.

కేబుల్ పీకి మైక్రోస్కోపు కింద పెట్టాను. మొన అంచున ఒక చిన్న మచ్చ. అలాంటి మచ్చలు బాగా నడిచే కేబుళ్ల మీద కూడా ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ మచ్చ చూడగానే నాకు ఉఫ్ అన్న చప్పుడు వినిపించింది. ఇక వేరేదేదీ వెతకలేదు.

ఆచారిని మేనేజరు గదికి పిలిపించాను. ఎప్పుడూ మామా అనే నోరు ఆ రోజు మర్యాద నేర్చుకుంది.

"ఆచారి గారూ, ఈ కేబుల్ పెట్టేటప్పుడు మీరు ఊదారా?"

ఆయన నా ముఖం చూశాడు, మేనేజరు ముఖం చూశాడు.

"క్లీనర్‌తో తుడిచినట్టే గుర్తు సార్. ఊదలేదని ఒట్టు పెట్టమంటే ఎట్ల పెట్టేది? నలభై ఏండ్ల అలవాటు. నాకు తెలీకుండానే ఊదింటానేమో."

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అలాగే మాట్లాడతాడు. నేనప్పుడు దాన్ని అలా వినలేదు. రూట్ కాజ్ రిపోర్టు, అంటే అసలు కారణం తేల్చే కాగితం, అందులో ఇలా రాశాను: "నోటితో ఊదడం వల్ల ఫైబర్ మొన చెడింది. టెక్నీషియన్ అంగీకరించాడు." అంగీకరించాడు అన్న మాట దగ్గర కలం కాసేపు ఆగిన గుర్తు. తర్వాత సంతకం చేశాను.

కొత్త కేబుల్ తెప్పించాను. పెట్టే ముందు ఆ పోర్టు సెట్టింగులన్నీ చెరిపేసి, కంపెనీ ఇచ్చినట్టే వదిలేశాను. ఎర్రర్లు సున్నా. చూశారా, కేబులే అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు, నన్ను నేను కూడా మెచ్చుకున్నాను.

ఆచారిని కాంట్రాక్టరు తీసేశాడు. జమ్మలమడుగు, పులివెందుల శాఖల కేబుల్ పని కూడా ఆయనకే రావలసింది, అదీ పోయింది. ఇలాంటి కబురు ఈ మూడు ఊళ్లు తిరగడానికి ఎంతసేపు? పక్షవాతం వచ్చిన మనిషి స్కాన్‌ను ఊది చెడగొట్టినోడు అని చెప్పుకున్నారు. ఊదే ఆచారి అని పేరు పెట్టారు. ఆ పేరు విని నేను కూడా ఒకసారి నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నవ్వాను.

పోయిన ఏడాది ఆ స్విచ్‌లు మార్చి ఇంకా పెద్దవి పెట్టే పని పడింది. కొత్తవాటికి సెట్టింగులు రాయడానికి పాత ఫైళ్లన్నీ తిరగేస్తుంటే, 2019 మార్చి ఫైల్లో ఆ పోర్టు కింద ఒక లైన్ కనబడింది. ఫెక్ ఆఫ్. ఫెక్ అంటే ప్రయాణంలో దెబ్బతిన్న చిన్న చిన్న బిట్లను అవతలి స్విచ్చే సరిదిద్దుకునే ఏర్పాటు. ఎదురు భవనానికి పోయే పొడుగు లింకుకు మేం వాడిన మాడ్యూలుకు, అంటే కేబుల్ మొనను గుచ్చే ముక్కకు, అది అక్కర్లేదు. గదిలోని పొట్టి లింకు మాడ్యూలుకు అది ఉండి తీరాలి. పొడుగు లింకుకు రాసిన సెట్టింగులను కాపీ చేసి పొట్టి లింకుకు అతికించింది ఎవరో కాదు. ఆ లైన్ పక్కన నా లాగిన్ పేరే ఉంది.

ఆచారి వేసిన కేబుల్ ఇంకా బీరువాలోనే ఉంది, 'పాడైనది' అని నేనే చీటీ కట్టి పెట్టాను. తీసేసిన ఆ 2019 స్విచ్‌లను బల్ల మీద పెట్టి, అవే మాడ్యూళ్లకు అదే కేబుల్ తగిలించాను. తుడవలేదు. ఫెక్ ఆన్ చేసి ఒక రోజంతా సమాచారం పంపాను. ఒక్క ఎర్రరూ లేదు. ఆఫ్ చేసిన పది నిమిషాలకు లెక్క పెరగసాగింది. ఆ మార్చి నుంచీ ఇలాగే పెరుగుతూ ఉండాలి, స్కాన్లు బాగా ఎక్కువయ్యేదాకా ఎవరికీ కనబడలేదు. అప్పట్లో ఎర్రర్లు ఆగింది కొత్త కేబుల్ వల్ల కాదు, నేను సెట్టింగులు చెరిపేసినప్పుడు ఫెక్ దానంతటదే ఆన్ అయినందువల్ల. మచ్చ పాపం ఏమీ చేయలేదు.

కొత్త రిపోర్టు రాసి మేనేజరుకు ఇచ్చాను. "పాత కత ఇప్పుడేంటికి సార్?" అన్నాడు. ముద్ర వేసి ఒక కాపీ ఇవ్వమని అక్కడే నిలబడ్డాను. విసుక్కుంటూనే ఇచ్చాడు.

ఆచారి ఇప్పుడు జమ్మలమడుగులో ఉంటున్నాడు. ఇంటి ముందు గదిలోనే తెగిన గొలుసులు, ఊడిన పట్టీలు అతికే పని. నన్ను చూసి లేచి, "రాప్పా, కూచో" అని స్టూలు జరిపాడు. భార్య సుబ్బమ్మ లోపలి నుంచి తొంగి చూసి కాఫీ పెట్టడానికి వెళ్లింది. కాగితం చేతిలో పెట్టి, తప్పు నాది మామా అన్నాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంగ్లీషు నాకేం దెలుసు. నువ్వే చదువు. ఆయమ్మకు గూడా ఇనపడేటట్టు చదువు."

తెలుగులో చెప్పుకుంటూ గట్టిగా చదివాను. చివర 'బ్రహ్మయ్య ఆచారి పనిలో ఎలాంటి లోపం లేదు' అన్నది రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఈ మాట ఆ పొద్దు ఏంటికి చెప్పలేదప్పా?"

"ఆ పొద్దు నాకు తెలీదు మామా."

"తెలీదు, సరే. నీ పక్క చూసినావా?"

"చూడలేదు."

ఆయన తల ఊపాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ వృత్తిలో ఇన్నేళ్లకు నేను నేర్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నే. ఎర్రర్ కనబడితే ముందు నేను రాసిన లైన్లు తెరుస్తాను, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకుంటాను. నా కింద పనిచేసేవాళ్లకు కూడా అదే చెప్తాను. ఒక మనిషి తన మీద తనే అనుమానపడితే, దాన్ని ఒప్పుకోలుగా రాసుకోవద్దని కూడా చెప్తాను. కానీ ఇవన్నీ రాబోయే వాళ్లకు పనికొస్తాయి. ఆచారికి పనికిరావు.

బల్ల మీద ఊదుగొట్టం కనబడలేదు. కాలితో తొక్కితే గాలి వచ్చే గ్యాస్ మంట పెట్టుకున్నాడు. అందరూ ఇప్పుడు అదే వాడుతున్నారు కదా అనుకున్నాను. సుబ్బమ్మ కాఫీ గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టింది. పొగలు కక్కుతున్నాయి.

"ఆ గొట్టం ఎప్పుడో అటక మీద పారేసినాడు సార్" అంది ఆమె, నా చూపు కనిపెట్టినట్టు. "పనికే గాదు, కాఫీ గూడా ఊదుకోడు ఈయన. నా ఊపిరి మంచిది గాదంటాడు." తర్వాత భర్త వైపు తిరిగి, "ఇన్నావు గదా? నువ్వు ఊదలేదంట. ఇంగన్నా ఊదుకోని తాగు" అంది.

ఆచారి నవ్వాడు. గ్లాసును నోటిదాకా ఎత్తాడు. పెదవులు కూడా దగ్గరికి వచ్చాయి. అంతలోనే ఆగి గ్లాసును మోకాలి మీద పెట్టుకుని, అది చల్లారేదాకా పట్టుకుని కూచున్నాడు.