కొండవాలు ద్రాక్ష లేని ఏడు

మొన్న హైదరాబాదులో మా మేనకోడలి కొడుకు పెళ్ళివిందు ఒక పెద్ద హోటల్లో పెట్టారు. పక్క బల్ల దగ్గర వడ్డించే అతను ఎడమచేతి మీద తెల్లగుడ్డ మడిచి వేసుకుని, సీసా మీది లేబులు అతిథి వైపు తిప్పి చూపిస్తుంటే, నోటి దాకా వచ్చిన ముద్ద అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఇరవై ఏళ్ళకు పైగా దోహాలో నేను చేసిన పని అదే. ఎవరికీ చెప్పనిది ఒక్కటి ఆ పనిలోనే జరిగింది. చెప్పేంత పెద్ద సంగతి కాదేమో, కానీ గల్ఫులో బతికొచ్చిన నా ఈడువాళ్ళకు అర్థమవుతుందని రాస్తున్నాను.

అవి ప్రపంచకప్పు కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజులు. మెసైమీర్‌లోని మా స్టాఫ్ గదుల నుంచి బస్సులో డ్యూటీకి వెళ్తుంటే నిన్న తిరిగిన మలుపు ఇవాళ కనిపించేది కాదు. మా జగిత్యాల వైపు వాళ్ళు ఆ కట్టడాల మీద ఎంతోమంది ఉండేవారు గానీ, ఎండలో పనిచేసే వాళ్ళకూ ఏసీలో టై కట్టుకుని నిలబడే నాకూ సెలవు ఒకే రోజు పడేది కాదు. ఇంటి నుంచి ఫోన్ చేస్తే "దుబాయ్ల నీకేంది, మస్తుగున్నవ్" అనేవారు. నేనున్నది దుబాయ్ కాదని చెప్పడం కూడా కొన్నాళ్ళకు మానేశాను. రోజూ ఎంతమందికి వడ్డించినా, వడ్డన గురించి కాక వేరే మాట నాతో మాట్లాడిన అతిథి అన్నేళ్ళలో ఒక్కరే.

ఆయన ఇటలీ దేశస్థుడు, స్టేడియం పైకప్పు పని చూసే ఇంజనీరు, అరవై దాటినవాడు. అల్ అజీజియాలో ఒక విల్లాలో ఒంటరిగా ఉండేవాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి వచ్చి కిటికీ పక్కన కూర్చుని ఒకటే వైన్ అడిగేవాడు. మూడు రకాల తెల్లద్రాక్ష కలిపి, ఒక చిన్న కుటుంబం తమ తోటలోనే తీసి సీసాల్లో పట్టే వైన్ అది. ఎండుగడ్డి రంగు, దగ్గర పెట్టుకుంటే నిమ్మపూత వాసన. రంజాన్ నెలలో హోటల్లో మందు పోయరు కదా, అప్పుడు కూడా పొద్దుగూకాక వచ్చి నిమ్మరసం తాగి వెళ్ళేవాడు. ఆ తోట తమదేనని నాకు చెప్పడానికి ఆయనకు ఏడాది పట్టింది. తండ్రి పోయాక అమ్మేద్దామని ఈయన, అమ్మనని చెల్లెలు. అక్కడ తెగిపోయిన మాటలు పదకొండేళ్ళయినా కలవలేదు. చెల్లెలు ఎలా ఉందో ఆయనకు తెలిసేది ఆ గ్లాసులోనే.

కొత్త వైన్ వచ్చినప్పుడు మాకు శిక్షణలో చెంచాడు రుచి చూపించేవారు. మొదటిసారి నాకది పులిసిన నీళ్ళలా అనిపించింది. ఆ మాట చెబితే ఆయన నవ్వాడు. అప్పుడే మా నాయన గురించి చెప్పాను. నాయన కల్లు గీసేవాడు. పన్నెండు తాటిచెట్ల కల్లు ఒకే కుండలో కలిపి పోసినా, ఆ రోజు ఏ చెట్టు సరిగా పారలేదో నాలుక మీద వేసుకుని చెప్పేవాడు. ఇంజనీరు గారు అది విని, మా నాయన బతికుంటే వచ్చి చూసేవాణ్ణని, చెట్టు ఎలా ఎక్కేవాడో, ఎలా గీసేవాడో ఒక్కొక్కటే అడిగాడు. ఆ దేశంలో మా నాయన గురించి నన్ను అడిగి తెలుసుకున్న మనిషి ఇంకొకరు లేరు.

ఒక ఏడు కొత్త సీసాలు వచ్చాయి. ఆయన మొదటి గుక్క తాగి గ్లాసు దించేశాడు. మళ్ళీ తాగి, మళ్ళీ దించాడు.

"ఇందులో కొండవాలు ద్రాక్ష లేదు" అన్నాడు.

రెండు రకాలు చదును నేలవి, కూలీలు కోస్తారు. మూడోది కొండవాలు మీద తండ్రి నాటిన ముసలి తీగలది. అక్కడ చెల్లెలు తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు. ఆమె కోయలేదంటే ఆమెకే ఏదో అయి ఉండాలి.

"ఫోన్ చేయండి సార్" అన్నాను.

"నంబరు లేదు. పాతది ఎప్పుడో తీసేశారు."

లేబులు ఎప్పుడూ ముందువైపే చూపించాలని మాకు నేర్పారు. నేను సీసాను మెల్లగా వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టాను. వెనకవైపు చిన్న అక్షరాల్లో తోట చిరునామా, దాని కింద ఫోన్ నంబరు ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, అద్దాలు తీసేసి, మిగిలింది తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బార్‌లో పనిచేసే అమలాపురం తమ్ముడు గ్లాసులు తుడుస్తూ "ఏంటి బాబాయ్, మీ దొరగారు ఈ వారం కూడా రాలేదు?" అనేవాడు. "ఊరికి పోయిండేమో తమ్మీ" అనేవాణ్ణి. ఐదింటికి ఆ బల్ల ఇంకెవరికైనా ఇస్తే నాకు కోపం వచ్చేది. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

ఆరో శుక్రవారం వచ్చాడు. కిందటేడు కోతల ముందు చెల్లెలు కొండవాలు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట. ఆ ఏడు అక్కడి పండు పిట్టల పాలైంది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. ఫోన్లో గొంతు గుర్తుపట్టి ఆమె అడిగిన మొదటి మాట, "రుచి చూసి కనుక్కున్నావా?" అని. ఏడాది ఆలస్యంగా కనుక్కున్నానని ఈయన అన్నాడట. ఉద్యోగం మానేశాడు. ఎల్లుండి ప్రయాణం, కొమ్మలు కత్తిరించే వేళకు అక్కడ ఉండాలి. స్టేడియం పూర్తి కాకముందే వెళ్ళిపోతున్నారా సార్ అంటే, దాన్ని ఎవరైనా పూర్తి చేస్తారులే అన్నాడు.

ఇంకో గ్లాసు తెప్పించి, తానే పోసి, ఎదుటి కుర్చీ చూపించాడు. "కూర్చో. ఒక్క గుక్క."

సూపర్‌వైజరు తలుపు దగ్గరే ఉన్నాడు. "డ్యూటీలో ఉన్నాను సార్" అన్నాను. ఆయన బలవంతం చేయలేదు. తన గ్లాసు ఖాళీ చేసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. నాకోసం పోసిన గ్లాసు నేనే లోపలికి తీసుకెళ్ళి సింకులో పారబోశాను.

మంచి పనే చేశానని ఆ రోజూ తెలుసు, ఇవాళా తెలుసు. కానీ ఆ సీసా తిప్పకుండా ఉంటే ఇంకో రెండేళ్ళు ఆయన వచ్చేవాడు కదా అని, సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాసార్లు అనుకున్నాను.

తరువాత ప్రపంచకప్పు కోసం వైన్ల జాబితా మార్చారు. చిన్న తోటలవి తీసేశారు. ఆటలు జరిగిన ఆ నెల ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి, పాటలు పాడి, మా భుజాలు తట్టి, ఫోటోలు దిగి వెళ్ళారు. నేను ఆ దేశంలో గడిపిన నెలలన్నిటిలో అంత ఒంటరిగా ఉన్నది ఆ నెలే. అది అయిన ఆరు నెలలకు ఇంటికి వచ్చేశాను.

అమలాపురం తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఏం కావాలన్నా అతిథులే బల్ల మీది తెర తాకి చెబుతారట, పక్కన నిలబడే పని లేదట, చాలా తేలికైంది బాబాయ్ అన్నాడు. అయ్యే ఉంటుంది. మా రోజుల్లో అతిథి నోరు తెరిచి అడగాలి, మనం పక్కన నిలబడి వినాలి. ఆ రెండు నిమిషాల్లోనే ఒక మనిషి నాకు తన చెల్లెలి సంగతి చెప్పాడు, నేను మా నాయన సంగతి చెప్పాను. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళకు అలా ఎవరూ దొరకరేమో. దొరికినవాళ్ళు దూరమైపోయే బాధ కూడా వాళ్ళకు ఉండదు. అది వాళ్ళకు మేలో కాదో, ఈ వయసులో కూడా నాకు తేలడం లేదు.