తుడిచేసిన దారం

దారాలత్తకు ముందు వచ్చింది కోపం కాదు, వికారం. చేతిరుమాలు పెదాలకు అడ్డం పెట్టుకుంది.

చల్లటి గదిలో, గోడంత తెర మీద, నలభై ఏళ్ల కింద ఆమె ఆడించిన రబ్బరు ఆక్టోపస్ తనంతట తాను కదులుతోంది. గాజుతొట్టి మీదుగా కప్పు చీకట్లోకి పోవాల్సిన మూడు తెల్లతాళ్లు లేవు. వాటి చోట నున్నటి నీలం. పాచి పట్టిన మెట్టు మీద కాలు జారినట్టు ఆమె చూపు ఆ నీలం మీద జారింది.

"ఎలా ఉందమ్మా?" అంది కంప్యూటర్ ముందున్న అమ్మాయి. పాత సినిమాల మీద గీతలూ మరకలూ తుడవడం ఆమె ఉద్యోగం. "మూడు నెలలు పట్టింది. ఒక్కో ఫ్రేములో వెతికి వెతికి తీశాను. భూతద్దం పెట్టినా తాడు కనబడదు."

పక్క కుర్చీలో నిర్మాత కొడుకు తృప్తిగా కాళ్లు చాచాడు. తండ్రి పోయాక ఈ సినిమాలన్నీ అతని చేతికొచ్చాయి. శుక్రవారం పెద్ద హాల్లో ఆట. అత్త నాలుగు మాటలు మాట్లాడాలని, ముందుగా చూపించడానికి కారు పంపి పిలిపించాడు.

ఆమె స్టూడియోలో చేరింది బొత్తాలు కుట్టడానికి. గూఢచారి సినిమాలను వెక్కిరిస్తూ వరసగా సినిమాలు తీస్తున్న రోజులవి. బూటులో టెలిఫోను, గొడుగులో తుపాకి, అట్టతో చేసిన జలాంతర్గామి. విలన్ పెంచుకునే ఆక్టోపస్‌ను కదిలించడానికి మనిషి దొరక్క, ఖాళీగా కనబడిన ఆమెను సెట్టు పైకెక్కించారు. కనబడకుండా నల్లదారం కట్టమన్నాడు దర్శకుడు. దీపాల వేడికి అది మూడుసార్లు తెగింది. విసుగెత్తి, మూటలు కట్టే తెల్లతాడు తెచ్చి బిగించింది. రెండు తాళ్లు రెండు చేతుల్లో, మూడోది పళ్ల మధ్య. ఎనిమిది కాళ్లలో కదిలినవి మూడే. మిగతా ఐదూ సెలవు పెట్టిన గుమాస్తాల్లా వేలాడాయి.

హీరో ఆ కౌగిట్లో గిలగిలలాడుతూ తల పైకెత్తాడు. తాడు చూశాడు. జేబులోంచి కత్తెర తీసి కసుక్కున కత్తిరించాడు. ఆక్టోపస్ దబ్బున పడి చచ్చింది. దీపాల మనిషి నవ్వాపుకోలేక నిచ్చెన దిగి కింద కూర్చున్నాడు. "ఇదే ఉంచండి" అన్నాడు దర్శకుడు, కళ్లు తుడుచుకుంటూ.

అప్పట్నుంచి ఆమె అందరికీ దారాలత్త అయింది, ప్రతి సినిమాలో తాడు కనబడాలన్నారు. ఎంత కనబడాలన్నదే ఆమె విద్య. తాడు ముందు హాల్లో ఉన్నవాళ్లకు తెలియాలి, తర్వాత హీరోకు. ఆ మధ్యనున్న రెండు క్షణాల్లో టిక్కెట్టు కొన్న ప్రతివాడూ గూఢచారే. హీరోకు తెలియని రహస్యం వాడి గుప్పిట్లో వెచ్చగా ఉంటుంది. అందుకే జనం మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు. మోసాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, దాంతో కలిసి నవ్వడానికి.

ఇప్పుడు తెర మీద హీరో తల పైకెత్తాడు. పైన ఏమీ లేదు. కత్తెర తీసి గాలిని కత్తిరించాడు. ఆక్టోపస్ చచ్చింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఏమ్మా, ఆ కత్తెర ఎందుకనుకున్నావు?" అడిగింది అత్త.

"నాకూ అర్థం కాలేదమ్మా," అంది అమ్మాయి నిజాయితీగా. "గూఢచారుల ఆయుధమేదో అనుకున్నా."

"గాలిని కోసే ఆయుధమా?"

నిర్మాత కొడుకు చిటిక వేశాడు. "మంచి మాటన్నావత్తా! కత్తెర కొసన నీలంగా ఓ మెరుపు పెడదాం. అప్పుడు అతుకుతుంది."

పాలల్లో పడిన బల్లిని చూసినట్టు చూసిందామె అతన్ని. "ఒరేయ్, మతుండే మాట్లాడుతున్నావా? అసలు తాళ్లున్న పాత కాపీ ఉందా, పారేశారా?"

"ఉందమ్మా," అంది అమ్మాయి. "ఈ ఒక్క ఘట్టం తిరిగి అతికించడం గంట పని."

"అయితే అతికించు తల్లీ. మిగతా సినిమా అద్దంలా తుడుచుకోండి, నాకేం. ఆ తాళ్లు మాత్రం శుక్రవారానికి ఉండాలి. అవి పోతే నేను చేసిందేమీ మిగలదు."

"అత్తా, నీకు తెలీదు," అన్నాడతను బుజ్జగింపుగా. "ఇప్పటి పిల్లలు తాడు చూస్తే నవ్వుతారు. నాన్న పరువేం కావాలి?"

"నవ్వడానికే కదరా తీసింది! మీ నాన్న ఆ తాడు చూసి పొట్ట పట్టుకున్నాడు. నువ్వు ఆయన నవ్వుని మరకనుకుని తుడిపిస్తున్నావు."

"సరే సరే. నువ్వు తాడు లాగినట్టు విడిగా ఓ వీడియో తీసి ఆట అయ్యాక వేద్దాం. జనం చప్పట్లు కొడతారు. సినిమా మాత్రం ఇలాగే ఉండనీ."

పెళ్లి ఆగిపోయాక బంతి భోజనానికి పిలిచినట్టుంది వీడి మర్యాద. ఆమె లేచింది.

"మొదట్లో పేర్లు వస్తాయి కదమ్మా. అందులో నాదుంటుంది. అది కూడా తీసెయ్."

"అత్తా!"

"అక్కడ 'దారాలు' అని రాసి నా పేరేశారు. దారాల్లేని సినిమాలో నేనెవర్తిని? నా పేరు చూసి ఆ గాలి కత్తెర నా పనే అనుకుంటారు. నాకొద్దా పాపం."

అతను అమ్మాయి వైపు, తర్వాత గడియారం వైపు చూశాడు. "అదే కావాలంటే నీ ఇష్టం," అన్నాడు. ఆ గొంతులో కాస్త తేలిక కూడా వినబడింది. ఆమెకు అన్నిటికన్నా రోత పుట్టించింది ఆ తేలికే.

అమ్మాయి పేర్లున్న ఫ్రేము తెర మీదికి తెచ్చి, పేరు మీద బాణం గుర్తు ఆనించి ఆగింది. "నిజంగా తీసెయ్యమంటారా అమ్మా?"

"తియ్యి."

అక్షరాలు ఒక్కొక్కటిగా పోయాయి. వెనకున్న ఆకాశం చక్కగా మూసుకుంది. అత్త దగ్గరికెళ్లి, వంగి, ఆ చోటు పరీక్షగా చూసింది.

"గీత కూడా మిగల్లేదు. పనిమంతురాలివే," అని, తలుపు వైపు నడిచింది.