మదామ్ మీరు

ఒడిల్ వెర్నాద్ గారు ఈ లోకంలో ఎవరినీ ‘నువ్వు’ అనరు. ఎవరినీ అంటే మనుషులను మాత్రమే కాదు. రోజూ ఉదయం ఏడున్నరకు మా వీధి చివర రొట్టెల కొట్టుకు వస్తారు. కొట్టు నడిపే జోసియాన్ అందించిన పొడవాటి రొట్టెను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కుతారు. పెంకు చిటపటమనకపోతే, “తమరు నిన్నటివారనుకుంటాను” అని రొట్టెతోనే చెప్పి మర్యాదగా వెనక్కి ఇచ్చేస్తారు. అది ఇవాళ్టిదే, పొయ్యిలోంచి దిగి గంట కాలేదని జోసియాన్ మొత్తుకుంటుంది. “అయితే వారికి ఒంట్లో బాగాలేదు” అంటారు ఆవిడ.

ఆవిడ అరవై మూడు సినిమాల నటి. మేమిద్దరం మార్న్ నది ఒడ్డున ఒకే మేడలో ఉంటాం. ఆవిడది రెండో అంతస్తు, నాది కింది గది. నేను సాహిత్యంలో ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో, తనతో కలిసి డైలాగులు చదవడానికి నన్ను పెట్టుకున్నారు. ఆవిడ తన పాత్ర చదివితే మిగతా పాత్రలన్నీ నావి. నాకు నలుగురిలో నోరు పెగలదు. హంతకుడి మాటలు కూడా క్షమాపణ అడుగుతున్నట్టు చదివేదాన్ని. ఒకరోజు ఆవిడ కళ్ళద్దాలు తీసి, “అమ్మాయిగారూ, మీరు నన్ను చంపేటప్పుడు కాస్త మనసుపెట్టి చంపండి” అన్నారు.

పెంపుడు పిల్లి తన టోపీలో పడుకుంటే, “గ్యుస్తావ్ గారూ, తమరు లేచాక నేను బజారుకు వెళతాను” అని కుర్చీలో కూర్చుని ఎదురుచూసేవారు. కొడుకు పుట్టినప్పుడు నర్సు బిడ్డను చేతికిస్తే, “మీరు తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చారు. దారిలో ఏమైనా ఇబ్బంది కలిగిందా?” అని అడిగారట. ఆ నర్సు చనిపోయేదాకా ఆ మాట చెప్పుకుని నవ్విందని మా వీధిలో అంటారు.

పంతొమ్మిదో ఏట తొలి సినిమా. పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడడమే వేషం. ఇరవై రెండో ఏట కథానాయిక. రైలు స్టేషన్లో ప్రియుడితో “నిన్ను ప్రేమిస్తున్నాను” అనాలి. ఆవిడ “మిమ్మల్ని ప్రేమిస్తున్నాను” అన్నారు. దర్శకుడు పదకొండుసార్లు తీశాడు, పదకొండుసార్లూ అదే. ఫిల్మ్ అయిపోయి దాన్నే ఉంచేశాడు. ఆ సినిమా వచ్చాక దేశంలో సగం మంది మొగుళ్ళు భోజనాల దగ్గర పెళ్ళాలను మీరు అనడం మొదలుపెట్టారట. మిగతా సగం మంది ఇళ్ళలో అదే విషయం మీద గొడవలట. ఇంకో సినిమాలో బ్యాంకు దొంగ. తుపాకీ తీసి “చేతులు పైకెత్తండి, దయచేసి” అన్నారు. ఆ ‘దయచేసి’కి హాల్లో ముందు వరుసవాళ్ళు కూడా చేతులెత్తారని మా అమ్మ ఒట్టేసి చెబుతుంది.

అయితే సినిమా వాళ్ళకు ఇది నచ్చలేదు. స్టూడియోలో అందరూ అందరినీ నువ్వు అనుకుంటారు; చనువుంటేనే పని సాగుతుందని వాళ్ళ నమ్మకం. ఈవిడ దగ్గరికి వచ్చేసరికి ఆ చనువు నేలకు రాలిపోయేది. వెనకాల ‘మదామ్ మీరు’ అని పేరు పెట్టారు. గర్వం అన్నారు. ఆవిడకు నలభై ఏళ్ళప్పుడు ఒక పెద్ద దర్శకుడు, నువ్వు అనకపోతే వేషం లేదన్నాడు. “అయితే సెలవు తీసుకుంటాను, మీకు ఆలస్యమవుతుంది” అని లేచి వచ్చేశారు. ఆ తర్వాత ఆరేళ్ళు సినిమాలు లేవు. రేడియోలో వాతావరణం చదివారు. వానను కూడా ‘వారు’ అనేవారు. సాయంత్రానికి వారు బ్రెస్ట్ రేవుకు చేరుకుంటారు, అని.

నేను కూడా గర్వమే అనుకున్నాను. అంత అందంగా ఉన్న గర్వాన్ని చూసి నోరు తెరుచుకుని ఉండిపోయేదాన్ని, అంతే.

ఆవిడకు డెబ్బై ఎనిమిదో ఏట క్లోవిస్ ద్యుఫూర్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ దర్శకుడు వచ్చాడు. కథలో ముసలి భార్య, చావుబతుకుల్లో ఉన్న భర్త మంచం పక్కన కూర్చుని, జీవితమంతా మీరు అన్న మనిషిని మొదటిసారి “నువ్వు వెళ్ళిపోకు” అంటుంది. ఆ ఒక్క మాట కోసమే సినిమా. ఆవిడ మూడు రోజులు ఆలోచించారు.

“నా దగ్గర ఒకటి ఉన్నట్టుంది” అన్నారు చివరికి. “ఎప్పుడూ వాడలేదు. పనిచేస్తుందో లేదో చెప్పలేను.”

పత్రికలు గంతులేశాయి. నిర్మాత పోస్టర్ల మీద ‘ఆవిడ నువ్వు అంటుంది’ అని అచ్చు వేయించేశాడు. మా ఇంట్లో డైలాగులు చదివేటప్పుడు మాత్రం ఆ చోటికి రాగానే ఆవిడ గొంతు సవరించుకుని “ఊఁ... వెళ్ళి... ఊఁ” అనేవారు. ఎందుకండీ అంటే, “ఉన్నది ఒకటే. ఇక్కడ ఖర్చు చేయలేను” అనేవారు.

షూటింగు రోజు గోడ వారగా అయిదుగురు విలేకరులు నిలబడ్డారు. పైన నిచ్చెన మీద తాహర్ గారు లైటు సర్దుతున్నారు. ఆయనది సముద్రానికి అవతల, ఒకప్పటి వలస దేశంలోని ఒరాన్. ఆ స్టూడియోలో ముప్ఫై ఏళ్ళుగా లైట్లు కడుతున్నారు. పింఛనుకు ఇంకా నాలుగు నెలలుంది. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా ఆయన్ని నువ్వు అంటారు. ఆయన మాత్రం తిరిగి నువ్వు అనకూడదు. అలాగని ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు.

కెమెరా తిరిగింది. ఆవిడ మంచం మీదికి వంగారు. ఊపిరి తీసుకున్నారు. విలేకరులు కలాలు ఎత్తారు. పైన బల్బు ఫట్టున పగిలింది.

క్లోవిస్ కుర్చీ తన్నేశాడు. “నీకు కళ్ళున్నాయా? ఇంటికి పో ముసలాడా. రేపటినుంచి ఈ గేటు దాటి లోపలికి రాకు.”

తాహర్ గారు మెల్లగా నిచ్చెన దిగారు. “క్షమించండి సార్” అని చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నారు. నేను నా బూట్లకేసి చూసుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

ఆవిడ మంచం పక్కనుంచి లేచి, నేల మీది వైర్లు దాటుకుంటూ వచ్చి క్లోవిస్ ఎదురుగా నిలబడ్డారు. గొంతు పెంచలేదు.

“నువ్వు” అన్నారు.

ఆ ఒక్క మాటకే స్టూడియో అంతా బిగుసుకుపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ళు వాడకుండా దాచిన మాట అంత పదునుగా ఉంటుందని ఎవరు అనుకుంటారు?

“నువ్వు ఆయనకు క్షమాపణ చెప్పు. మీరు అని చెప్పు.”

క్లోవిస్ ముఖం సున్నం కొట్టినట్టయింది. రెండుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి మాట వచ్చింది. “తాహర్... గారూ. క్షమించండి. బల్బు పగలడం మీ తప్పు కాదు. మీరు వెళ్ళొద్దు.”

తాహర్ గారు చేతి తొడుగులు మళ్ళీ వేసుకున్నారు. “పది నిమిషాలు ఇవ్వండి” అని కొత్త బల్బుకోసం వెళ్ళారు.

పది నిమిషాల తర్వాత కెమెరా తిరిగింది. ఆవిడ మంచంలోని భర్త పాత్రధారి మీదికి వంగి, “మీరు వెళ్ళిపోకండి” అన్నారు.

క్లోవిస్ భయం భయంగా స్క్రిప్టు పట్టుకుని వచ్చాడు. “మదామ్, ఇక్కడ నువ్వు అని...”

“ఉన్నది ఒక్కటే కదా ద్యుఫూర్ గారూ. అది మీకిచ్చేశాను.”

నిర్మాత ఆ మాట కనబడకుండా ఊరంతా పోస్టర్ల మీద కాగితాలు అతికించుకున్నాడు. సినిమా మాత్రం బాగా ఆడింది. ఆ ‘వెళ్ళిపోకండి’ దగ్గర జోసియాన్ ఏడ్చి, హాల్లోనే ముక్కు చీదింది.

తాహర్ గారిని తర్వాత ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆవిడ మొదటినుంచీ మిమ్మల్ని మీరు అనేవారా అని. స్టూడియోలో తన మొదటి రోజు గురించి చెప్పారు. “మీ పేరేమిటండీ అని అడిగారు. నా వెనక ఎవరో పెద్దమనిషి నిలబడ్డాడనుకుని తిరిగి చూశానమ్మా. గోడ ఉంది. అప్పుడు చెప్పాను నా పేరు.”

ఆ సాయంత్రం మేడ మెట్ల మీద ఆవిడ ఎదురైతే, అదే ధైర్యంతో ఆవిడను కూడా సూటిగా ఒక ప్రశ్న అడిగాను. అందరినీ మీరు అనడం ఎందుకండీ, అవసరమైనవాళ్ళను అంటే చాలదా అని.

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “కొందరినే అంటే, ఎందుకంటున్నానో వాళ్ళకు తెలిసిపోతుంది కదండీ. అందరినీ అంటే నాకు పిచ్చి అనుకుంటారు. పిచ్చే నయం.”

ఇప్పుడు ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. బుధవారం బుధవారం మోకాలి వైద్యానికి వెళతారు. తాహర్ గారు కారు నడుపుతారు.